పాత శుభలేఖలో "216 పి.పి." అంటే ఏంటని మేనల్లుడు అడిగాడు

తెనాలి_తాటాకు

అందరికీ నమస్కారం. మా మేనల్లుడి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ఎలా వేయించాలా అని మా అక్క బీరువాలోంచి పాత కార్డులన్నీ తీసింది. వాటిలో 1989లో అయిన వాళ్ళ పెళ్ళి కార్డు కూడా ఉంది, మూలలకి రాసిన పసుపు మరక ఇంకా కనపడుతూనే ఉంది. కింద మా నాన్నగారి పేరు, ఊరి పేరు, ఆ పక్కన "ఫోన్: 216 పి.పి." అని ఉంది. వాడు దాన్ని చూసి "మామయ్యా, పీపీ అంటే ఏంటి, ఎక్స్‌టెన్షన్ నంబరా" అన్నాడు.

చెప్పాను. మా ఇంట్లో ఫోన్ లేదురా, నాలుగిళ్ళ అవతల కిరాణా కొట్టు వాళ్ళకి ఉండేది, చుట్టాలందరికీ మా నంబరని అదే ఇచ్చుకునేవాళ్ళం అని. నల్ల ఫోను, డయల్‌కి చిన్న తాళం వేసి ఉండేది. హైదరాబాద్ నుంచి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి "కాస్త మా పిన్నిని పిలవండి, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తా" అని పెట్టేసేవాడు, ఎందుకంటే ఆగితే ఎస్టీడీ చార్జీ పడిపోతుంది. కొట్టు పిన్నిగారు బేరం వదిలేసి సందు మొదట్లోకి వచ్చి గట్టిగా కేకేసేది, మా అమ్మ పిండి కలుపుతున్న చేత్తోనే పరిగెత్తేది, రిసీవర్‌కి పిండి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని మాట్లాడేది. కొట్లో ఉన్నవాళ్ళందరూ వింటూ ఉండేవాళ్ళు, అయిపోయాక "ఏమంటున్నాడు, బాగున్నాడా" అని వాళ్ళే అడిగేవాళ్ళు.

వాడికి అర్థం కాలేదని అనను, బాగానే అర్థమైంది. కానీ నమ్మబుద్ధి కాలేదు. "రోజూ అలా పిలుస్తుంటే వాళ్ళు ఊరుకునేవాళ్ళా?" అన్నాడు. అక్కడ నాకు మాట పడిపోయింది. పీపీ అంటే ఏంటో చెప్పగలిగాను గానీ వాళ్ళెందుకు ఊరుకునేవాళ్ళో చెప్పలేకపోయాను. రెండ్రోజుల నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. మీ ఇళ్ళల్లో కూడా వస్తువు పోయి మాట మిగిలినవి, లేకపోతే రెండూ పోయినవి ఏమున్నాయో రాయండి.

పోస్టాఫీసు_పెద్దాయన

తాటాకు గారూ, మంచి విషయం ఎత్తారు. తంతి తపాలా శాఖలో 30 ఏళ్ళ పైన చేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. పి.పి. అంటే పర్టిక్యులర్ పర్సన్. ట్రంక్ కాల్ రోజుల నాటి మాట అది. ఎక్స్‌చేంజికి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి, ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు, తొందర పెరిగేకొద్దీ రేటూ పెరిగేది. ఎవరు ఎత్తితే వాళ్ళతో కాదు, ఫలానా మనిషితోనే మాట్లాడాలి అంటే పి.పి. కాల్ అని బుక్ చేసుకునేవాళ్ళు, దానికి పైన ఇంకొంత చార్జీ. తర్వాత ఆ మాటే కార్డుల మీదకి ఎక్కింది, ఈ నంబరుకి చేసి మమ్మల్ని పిలిపించమనండి అని. జనం పక్కింటి ఫోన్ అనుకునేవాళ్ళు, అలా అనుకున్నా అర్థం సరిపోయేది కదా.

టెలిగ్రాం సంగతి కూడా చెప్పాలి. 2013 జూలైలో ఆపేశారు. అప్పటికే ఎవరూ ఇవ్వట్లేదు, ఆఖరి రోజుల్లో మాత్రం జ్ఞాపకంగా దాచుకుందామని వచ్చి క్యూలు కట్టారు. మాటకింత అని లెక్క కాబట్టి తెలుగువాళ్ళందరికీ ఒక ఇంగ్లీషు ముక్క నోటికి వచ్చి ఉండేది, "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ". సీరియస్ అని ఉంటే ప్రాణం పోయిందనే అర్థం, ఇచ్చేవాడికీ తెలుసు తీసుకునేవాడికీ తెలుసు. మా మెసెంజర్ సైకిల్ వీధిలోకి తిరిగిందంటే చాలు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు, ఎవరింటి ముందు ఆగుతుందా అని. నిజానికి దాంట్లో శుభాకాంక్షలకి కూడా నంబర్లు ఉండేవి, పెళ్ళికి అయితే 8 అని రాసిస్తే చాలు, దీర్ఘకాలం సుఖంగా కాపురం చెయ్యండి అనే వాక్యం అవతల టైపు అయి చేరేది. మంచి కబుర్లు అన్ని పంపినా జనానికి గుర్తున్నది మాత్రం ఆ సీరియస్ ఒక్కటే.

మానేరు_ఒడ్డు

సార్ మస్తు చెప్పిన్రు. మా దిక్కు సంగతి నేను చెప్త. మాది జగిత్యాల దగ్గర, మా బాపు పన్నెండేండ్లు దుబాయ్‌ల ఉండె. ఉత్తరం రాస్తే మా అమ్మకు చదువు రాదు, ఇంకొకలతోని చదివియ్యాలె, మనసులది చెప్పుకోవాలంటే నామోషి. అందుకని క్యాసెట్. ఊర్లకు వచ్చి పొయ్యేటోళ్ళ చేతికి ఇచ్చి పంపుతుండె. ప్లే బటన్, రికార్డు బటన్ రెండూ ఒక్కసారే ఒత్తాలె, లేకుంటే పడదు. అమ్మ మొదాలు ఏం మాట్లాడక అట్లనే కూసుండేది, ఓ నిమిషం ఒట్టి టేపే తిరుగుతుండె, దాంట్ల కోడి కూత, బర్రె అరుపు పడేది. తర్వాత షురూ చేస్తే సైడ్ ఎ అయిపొయ్యేదాక ఆగకపోయేది, బాయిల నీళ్ళెన్నున్నయి, ఎవలికి పిల్ల పుట్టింది, పాలోళ్ళ పంచాయితి ఏమయింది, అన్నీ.

క్యాసెట్ మీది అంచుకు రెండు చిన్న రెక్కలుంటయి చూడుండ్రి, అవి ఇరగ్గొడితే దాని మీద మళ్ళ రికార్డు కాదు. బాపు దగ్గర్నుంచి వచ్చినయి అమ్మ అన్నీ ఇరగ్గొట్టి పెట్టింది. మేము పాటల కోసం ఆ సందుల్ల కాయితం కుక్కి మళ్ళ రికార్డు చేసుకున్నం, రెండు క్యాసెట్లు అట్ల పోయినయి. అప్పుడు ఎన్ని దెబ్బలు తిన్ననో నాకు ఎరుక. ఇయ్యాల నా బిడ్డ (9వ తరగతి, హైదరాబాద్‌ల) క్యాసెట్ చేతికి ఇస్తే అటు ఇటు తిప్పి చూసి ఈ రెండు సందులు ఎందుకు డాడీ అని అడిగింది. చెప్పిన. ఒకరి మాట చెరిగిపోవద్దని గంత జాగ్రత్త పడుతుండెనా అని మళ్ళ అడిగింది. దాని ఫోన్ల ఐదు వందల వాయిస్ మెసేజ్‌లు ఉంటయి, ఒక్కటి సుత మళ్ళ విన్నది లేదు.

ఇంకోటి. మా ఇంట్ల చారాణ కోడికి బారాణ మసాల అని రోజూ అంటం. బిడ్డకు సామెత తెలుసు, సందర్భం తెలుసు, మంచిగనే వాడుతది. చారాణ అంటే నాలుగణాలని తెల్వదు.

బీటెక్_బంటి

నాకు 22. ఎవరినీ నొప్పించాలని కాదు గానీ అడుగుతున్నా, ఇందులో బాధ పడాల్సింది ఏముంది? వస్తువు అవసరం తీరితే పోతుంది, దాంతో మాట పోతుంది, కొత్తది వస్తుంది. మీ ముందు తరం వాళ్ళు కూడా మీకు అణాలు, వీశెలు తెలియవని బాధపడే ఉంటారు కదా. మీరు క్యాసెట్ అంటే మేము పెన్‌డ్రైవ్ అంటాం, నా తర్వాత వాళ్ళు ఇంకేదో అంటారు. సీరియస్‌గానే అడుగుతున్నా, తెలుసుకోవాలని ఉంది.

పోస్టాఫీసు_పెద్దాయన

బంటి బాబూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. అణాల గురించి అన్నావు కాబట్టి ఒక సంగతి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు అయ్యాయి, అంతకు ముందు పదహారు అణాలు. నాలుగణాలు కచ్చితంగా 25 పైసలకి సరిపోయింది, ఎనిమిదణాలు 50కి సరిపోయింది. అందుకని పావలా, అర్ధరూపాయి అనే మాటలు కొత్త లెక్కలోకి నడుచుకుంటూ వచ్చేశాయి, 25 పైసల బిళ్ళని 2011లో రద్దు చేసేదాకా పావలా అనే అన్నాం. మరి బేడ అంటే రెండణాలు. అంటే పన్నెండున్నర పైసలు. అలాంటి నాణెం లేదు. బేడ అక్కడే ఆగిపోయింది. మా నాన్న నోట వినడమే గానీ నా పిల్లలకి ఆ మాట చెప్పాల్సిన అవసరమే రాలేదు. అదీ నాణెమే ఇదీ నాణెమే, ఒకటి లెక్కలో సరిగ్గా పడింది, ఇంకోటి పడలేదు, అంతే. ఏ మాట మిగులుతుందో మన ప్రేమని బట్టి ఉండదు.

డల్లాస్_వాణి

పదహారణాల తెలుగమ్మాయి అని మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాంలో ఎవరో మైకులో మెచ్చుకుంటే, కారులో వస్తూ పదహారు దేనికమ్మా, నా వయసు పద్నాలుగే కదా అని అడిగింది. చెప్పాక చాలా నచ్చింది దానికి, రూపాయికి రూపాయి అన్నమాట అంది.

మాకు ఇక్కడ ఇంకో రకం ఉంది. 2000 ప్రాంతాల్లో ఇండియాకి ఫోన్ చెయ్యాలంటే ఇండియన్ స్టోర్‌లో కాలింగ్ కార్డు కొనుక్కోవాలి, వెనక వెండి రంగు పూత గీకితే పిన్ నంబర్ వస్తుంది, ముందు వాళ్ళ నంబరుకి చేసి, ఆ పిన్ కొట్టి, తర్వాత మన ఊరి నంబరు కొట్టాలి. మొత్తం ముప్పై అంకెల పైనే. కార్డు మీద ఇన్ని నిమిషాలు అని వేస్తారు గానీ అన్ని వచ్చేవి కాదు. ఇంకో నిమిషమే ఉంది అని మధ్యలో గొంతు వస్తుంది, అప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసేవాళ్ళు. జాగ్రత్త, టైముకి తిను అనేది సగంలో కట్ అయిపోయేది. ఇప్పుడు రోజూ వీడియో కాల్ చేస్తాను, ఎంతసేపైనా ఫ్రీ, అది వరమే, కాదనను. ఆ చివరి నిమిషం మాత్రం మా పిల్లలకి ఎంత చెప్పినా అందదు.

గచ్చు_గోడ

నేను రేడియో సంగతి రాస్తా. పొద్దున్న 6:55కి "ఇయం ఆకాశవాణి, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః". మా వయసు వాళ్ళని నిద్రలో లేపినా ఇది తప్పు లేకుండా చెప్తారు. మా ఇంట్లో సంస్కృతం ముక్క వచ్చినవాళ్ళు లేరు, వార్తలు ఒక్కటీ అర్థం అయ్యేది కాదు, అయినా రోజూ మోగేది ఎందుకంటే అదే మాకు గడియారం. ఇయం అనేసరికి పళ్ళు తోముకోవడం అయిపోవాలి, అవి అయ్యేసరికి స్నానం అయిపోవాలి, లేకపోతే బస్సు అందదు. వీధి పొడుగునా అన్ని ఇళ్ళల్లో అదే గొంతు కాబట్టి నడుస్తూ వెళ్ళినా ఒక్క ముక్క తప్పిపోకుండా వినపడేది. మా అబ్బాయికి చెప్పాను, అర్థం కానిది ఎందుకు వినేవాళ్ళు అన్నాడు. మేం వినలేదురా, ఆ పాటికి అది జరుగుతూ ఉండేది అంతే. తాటాకు గారికి వాళ్ళెందుకు ఊరుకునేవాళ్ళో చెప్పలేకపోయినట్టే నాకూ ఇది చెప్పడం రాలేదు.

బీటెక్_బంటి

పైన అందరూ రాసింది చదివాక ఒకటి ఒప్పుకోవాలి. నిన్న మా చిన్నాన్న కూతుర్ని (10వ తరగతి) ట్యూషన్ దగ్గర దింపి, అయిపోయాక మిస్డ్ కాల్ ఇవ్వు వస్తా అన్నా. అన్నయ్యా, కాల్ చేస్తే ఎత్తవా అంది. నేను అవాక్కయ్యా. మేం చిన్నప్పుడు ఇంట్లో ఒక రింగ్ అంటే చేరిపోయాం అని, రెండు అంటే బయటికి రా అని, మూడు వస్తే నిజంగా పని ఉంది ఎత్తు అని. బ్యాలెన్స్ పది రూపాయలు వేసుకుంటే నెల రావాలి కదా. పండగ రోజు ఎస్సెమ్మెస్ ప్యాక్ పనిచెయ్యదని ముందు రోజు రాత్రే హ్యాపీ సంక్రాంతి అందరికీ పంపేసేవాళ్ళం, మా అన్న ఫోన్‌లో చూసేవాణ్ణి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, కాల్స్ ఫ్రీ అయ్యాయి, అంతే మిస్డ్ కాల్ అనే భాష మొత్తం పోయింది. ఎవరూ చచ్చిపోయింది అని కూడా చెప్పలేదు. ఆర్కుట్ అనే సోషల్ సైట్‌లో ఫ్రెండ్స్‌తో టెస్టిమోనియల్, అంటే మన గురించి నాలుగు మంచి మాటలు, రాయించుకోవడం మా అన్న వాళ్ళకి పెద్ద విషయం, అది 2014లో మూసేశారు, నాకే సరిగ్గా గుర్తు లేదు.

అంటే అణాలకి తరాలు పట్టింది, మాకు పది పన్నెండేళ్ళు కూడా పట్టట్లేదు. నాకూ దానికీ ఏడేళ్ళే తేడా. మొన్న అలా రాసేశాను గానీ దానికి అర్థం కాలేదని తెలిసినప్పుడు నాకూ ఒకలా అనిపించింది.

మానేరు_ఒడ్డు

తమ్మీ, మాకు మీరు చెప్పిన ఒక రింగ్ రెండు రింగులు ల్యాండ్‌లైన్ల నుంచే ఉండె. పోయిందని నువ్వు అనుకుంటున్నవు గని నీకు మీ అన్న నుంచి వచ్చింది, మీ అన్నకు ఎవలి నుంచి వచ్చిందో అడిగి చూడు.

సీతమ్మ_మనవరాలు

అన్నీ పోయాయని బాధే కాదు, పోయి మంచిదైనవి కూడా ఉన్నాయి, అది కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

మా నాయనమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టెలో ఉత్తరాల కట్ట దొరికింది, ఇన్‌లాండ్ లెటర్లు, కార్డులు. అన్నీ ఒకే తీరు, క్షేమం అనీ ఉభయకుశలోపరి అనీ మొదలవుతాయి. తాతయ్య ఉన్నప్పుడు వచ్చిన వాటి మీద చి.ల.సౌ. అని, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నమాట. 1971 నుంచి వచ్చిన వాటి మీద గం.భా.స. అని ఉంది. అదేంటో నాకు తెలియలేదు, మా అమ్మని అడిగితే కాసేపు మాట్లాడలేదు. గంగాభాగీరథీ సమానురాలు. భర్త పోయినవాళ్ళకి అలా రాసేవాళ్ళట. అంటే ఆవిడకి అప్పుడు 34 ఏళ్ళు. తర్వాత బతికిన నలభై ఏళ్ళూ, సొంత తమ్ముడు రాసినా, పెంచిన మరిది రాసినా, ప్రతి ఉత్తరం మొదటి మాటలోనే ఆవిడకి అది గుర్తు చేశారు. గౌరవమనే రాశారు, వాళ్ళకి చెడు ఉద్దేశం లేదు, అది నాకు తెలుసు. పోస్ట్‌మ్యాన్ కూడా చదివేవాడు కదా పైన.

ఆ మూడు అక్షరాలు మా అమ్మాయికి చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. నాకు సంతోషమే. కానీ అర్థం మాత్రం ఒక కాగితం మీద రాసి ఆ కట్టలోనే పెట్టాను. తర్వాత ఎవరన్నా విప్పితే అదేదో బిరుదు అనుకోకూడదు.

తెనాలి_తాటాకు

సీతమ్మ మనవరాలు గారూ, మీది రెండుసార్లు చదివాను. మా ఇంట్లోనూ మేనత్తకి అలాగే వచ్చేవి, నేనే చదివి వినిపించేవాణ్ణి, ఆ మొదటి మాట గబగబా చదివేసి కిందకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎందుకలా చేసేవాణ్ణో ఇప్పుడు తెలుస్తోంది.

గచ్చు_గోడ

సామెతల్లో అయితే మనకే తెలియనివి బోలెడు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అంటాం, మా పిల్లలకి ఉట్టి అంటే కృష్ణాష్టమికి తాడు కట్టి లాగేది. పాల కుండా పెరుగు కుండా పిల్లికి అందకుండా దూలానికి వేలాడదీసేది అని తెలియదు. సరే అది నేను చూశాను. ఏకు మేకైంది అంటాం కదా, ఆ ఏకు ఏంటో నాకూ తెలియదు, మా నాన్నకీ తెలియదు. మరి మేమేం చెప్తాం పిల్లలకి. బంటి అడిగింది అందుకే కరెక్టే, మనం కూడా సగం ఖాళీ మాటలే మోస్తున్నాం.

నాగావళి

గచ్చు గోడ గారూ, ఏకు నేను చూశానండి, మాది శ్రీకాకుళం, అమ్మమ్మ వాళ్ళది పొందూరు. ఇప్పటికీ ఉన్నాయి.

ఏకు అంటే వడకడానికి సిద్ధం చేసుకున్న దూది, సన్నగా పొడుగ్గా చుట్టింది. మెత్తగా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే ఏం మిగలదు. మేకు అంటే ఇనపది. మెత్తగా ఉన్నది గుచ్చుకునేదిగా మారింది అని సామెత. పట్టుకుని చూస్తే ఇంక అర్థం చెప్పక్కర్లేదు.

పొందూరు ఖద్దరు సంగతి చాలామందికి పేరే తెలుసు, పని తెలీదు. పత్తిని గింజ మీద ఉండగానే ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. నిజం చేప దవడేనండి, దానికున్న చిన్న చిన్న పళ్ళు దువ్వెనలాగ పనిచేస్తాయి, చెత్తా పొట్టీ రాలిపోయి పోగులన్నీ ఒక వరసకి వస్తాయి. ఇనపది అయితే పోగు తెగిపోతుంది అంటారు. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు మాయకుండా. మా అమ్మమ్మ అరటి దొప్ప ఎడం చేత్తో పట్టుకుని కుడి చేత్తో రాట్నం తిప్పేది, నూలు వస్తూనే ఉండేది, మాట్లాడుతూనే ఉండేది. నేను తీస్తే రెండు జానెడ్లకే తెగిపోయేది. తెగితే తిట్టదు, తడి వేలితో అతికించి మళ్ళీ ఇచ్చేది.

వడికేవాళ్ళంతా ఇప్పుడు పెద్దవయసు ఆడవాళ్ళే. కూలి ఏం గిట్టదు కాబట్టి వాళ్ళ కోడళ్ళు నేర్చుకోలేదు, వాళ్ళని తప్పు పట్టడానికి లేదు, నేనూ నేర్చుకోలేదు. అందుకని బంటి గారికి నేను చెప్పేది ఏటంటే, అవసరం తీరి పోయినవి వేరు, గిట్టక పోయేవి వేరు. టెలిగ్రాం అవసరం తీరింది. ఈ నూలు అవసరం తీరలేదు, ఆ చీర కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చేసే చేతికి డబ్బు అందట్లేదు, అంతే. ఆ రెండూ ఒకే లెక్కలో కట్టేసి కాలం మారింది అనేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

బీటెక్_బంటి

నాగావళి గారూ, ఈ తేడా నేను ఆలోచించలేదు. థాంక్యూ. చేప దవడ ఫొటో ఉంటే పెట్టగలరా?

తెనాలి_తాటాకు

ఒక మాట చెప్పాలి. నిన్న ఊరెళ్ళి కొట్టు పిన్నిగారికి మొదటి శుభలేఖ ఇచ్చి వచ్చాను, మేనల్లుణ్ణి కూడా తీసుకెళ్ళాను. కొట్టు ఎప్పుడో మూసేశారు, ఆవిడకి ఎనభై దాటాయి. వీడు ఆగలేక అడిగేశాడు, అమ్మమ్మగారూ రోజూ అంతమందిని పిలవాలంటే విసుగు రాలేదా అని. ఎందుకు రాదు నాయనా, చాలాసార్లు వచ్చేది, మధ్యాహ్నం కునుకు పట్టే వేళకే మోగేది అంది. మరి ఎందుకు పిలిచేవాళ్ళు అంటే, మీ అమ్మ పురుడు కబురు వచ్చింది కూడా ఆ ఫోన్‌కే, పిలవకపోతే ఎలా అంది. వీడు పుట్టిన సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకే తెలిసిందట. ఆ మాట నాకూ తెలియదు ఇన్నాళ్ళూ. వాడు దార్లో ఏం మాట్లాడలేదు, ఇంటికొచ్చాక పాత కార్డు మళ్ళీ తీసి చూసుకున్నాడు.

నాగావళి

చాలా బాగుందండి. బంటి గారూ, ఫొటో ఎందుకు, వచ్చే మంగళవారం పొందూరు వెళ్తున్నాను, దవడ ఇవ్వరు గానీ ఏకులు నాలుగు అడిగి తెస్తాను. మీకూ, గచ్చు గోడ గారికీ, మానేరు గారి అమ్మాయికీ తలొకటి కవర్లో పెట్టి పోస్ట్ చేస్తాను. ఇక్కడ కాదు, అడ్రస్ విడిగా మెసేజ్ చెయ్యండి.

పోస్టాఫీసు_పెద్దాయన

అమ్మా, మామూలు కవర్లో వెయ్యకండి, స్టాంపింగ్‌లో నలిగిపోతుంది. చిన్న అట్టపెట్టెలో పెట్టండి, అరటి దొప్ప ముక్క కూడా చుట్టి. పిల్లలూ మీరు అడ్రస్ పంపేటప్పుడు పిన్‌కోడ్ ఆరంకెలూ సరిచూసి రాయండి.